పాత వంతెనల దగ్గరే దెయ్యాల కథలు ఎందుకు పుడతాయి?

కడప జిల్లాలో కేసీ (కర్నూలు-కడప) కాలువ మీది పాత వంతెన దగ్గర తెల్లచీర దెయ్యం గజ్జెల చప్పుడుతో తిరుగుతుందంటారు, నిజమేనా అని అడిగారు.

దెయ్యాన్ని నేను నమ్మను. కానీ కథకు కావలసిన సరంజామా అంతా అక్కడ ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మొదలయ్యే ఈ కాలువను 1860ల్లో తవ్వారు. అప్పట్లో పెద్ద కట్టడం ఏది లేచినా, పునాదిలో నరబలి ఇచ్చారనే పుకారు కూడా లేచేది. ఆ వెంటనే 1876-78 ధాత కరువు. సీమలో లక్షల మంది పోయారు. ఊరికి దూరంగా, దీపం లేని చోట ఇలాంటి జ్ఞాపకాలు త్వరగా రూపం తెచ్చుకుంటాయి.

తెల్లచీర విషయంలో నా అనుమానం తెల్ల గుడ్లగూబ మీద. పాత కట్టడాల సందుల్లో గూడు కడుతుంది. ముఖం, పొట్ట తెల్లన. ఎగిరితే రెక్కల చప్పుడే వినపడదు, అరిస్తే మాత్రం మనిషి కేక వేసినట్టే. మోటారుసైకిలు వెలుగులో అది ఒక్కసారిగా ఎదురైతే ఎంత ధైర్యవంతుడికైనా ఆంజనేయ దండకం గుర్తొస్తుంది!

గజ్జెల చప్పుడు కీచురాళ్లది. అడుగుల అదురు తగలగానే అవి ఆగిపోతాయి. దాంతో భయం రెట్టింపవుతుంది.