చిట్టీ, ఆ కేసు మొదలెట్టే ముందు ఇది చదువు

చిట్టీ,

నువ్వు వైజాగ్‌లో ఫెనెస్ట్రేటెడ్ గ్రాఫ్ట్, అదే రక్తనాళం లోపల పెట్టే కిటికీల గొట్టం, కేసులు మొదలెడుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ఎంత సంతోషమేసిందో, రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎన్యూరిజం, అదే బృహద్ధమని ఉబ్బు, కిడ్నీ నాళాల దాకా పాకిందంటే మా రోజుల్లో మేం పొట్ట నిలువునా తెరిచి, కిడ్నీల పైన క్లాంప్ పెట్టి, గడియారం చూసుకుంటూ కుట్టేవాళ్ళం. 1990లో బ్యూనస్ ఎయిర్స్‌లో పరోడి అనే సర్జన్ తొడ దగ్గర నాళంలోంచి గ్రాఫ్ట్ ఎక్కించాడంటే మా సీనియర్లు నమ్మలేదు. ఇప్పుడు నా మేనకోడలు అదే దారిలో వెళ్ళి కిడ్నీలకీ పేగులకీ కిటికీలున్న గ్రాఫ్ట్ పెడుతుందంటే మాటలా!

సీటీ సన్నటి స్లైసుల్లో తీయించి కొలతలు నువ్వే తీసుకో, కంపెనీ వాళ్ళ మీద వదలకు. పేషెంట్ కొలతలతో చేయించే గ్రాఫ్ట్ రావడానికి వారాలు పడుతుంది, ఈలోగా నడుం నొప్పో కడుపు నొప్పో వస్తే పొద్దున చూద్దాం అనుకోకుండా వచ్చెయ్యమని ఇంట్లోవాళ్ళకి గట్టిగా చెప్పు. సిగరెట్ మాన్పించు.

ఇక అసలు సంగతి, వెన్నుపాము. బృహద్ధమని వెనక నుంచి దానికి రక్తం తీసుకెళ్ళే చిన్న నాళాలు గ్రాఫ్ట్ కింద మూసుకుపోతాయి, పైకి ఎంత ఎక్కువ కవర్ చేస్తే అంత ప్రమాదం. నీకు తెలుసులే, పాఠం చెప్పట్లేదు. మేం చూసిన కేసు చెప్తా. కోనసీమ రైతు, ఛాతీ దాకా పాకిన ఎన్యూరిజం, అంతా ఒకే సిటింగ్‌లో చేశారు. చివర్లో యాంజియో ఎంత అందంగా వచ్చిందో. సాయంత్రం రెండు కాళ్ళూ ఎత్తి చూపించాడు కూడా. తెల్లారి పాత చార్ట్‌లో ఉన్న బీపీ మాత్రలు ఎవరూ ఆపలేదు, సిస్టర్ ఇచ్చేసింది, బీపీ పడిపోయింది. టిఫిన్ టైంకి కాళ్ళు బరువుగా ఉన్నాయమ్మా అన్నాడట, మత్తు ఇంకా దిగలేదేమో అనుకున్నారు. రౌండ్స్‌కి వెళ్ళేసరికి కాలి వేళ్ళు కదల్లేదు. వెన్నులో నీరు తీసే గొట్టం, అదే డ్రెయిన్, వేసి బీపీ పెంచితే ఒక కాలు కొంచెం వచ్చింది, రెండోది రాలేదు. "నడిచొచ్చాడు కదా బాబూ" అని వాళ్ళావిడ అడిగితే జవాబిచ్చినవాడు లేడు.

అందుకే చిట్టీ, చార్ట్‌లో బీపీ మాత్రలు నీ చేత్తో నువ్వే కొట్టెయ్యి. ఎక్కువ కవర్ చెయ్యాల్సొస్తే రెండు సిటింగులు చెయ్యి, వీలైతే పెల్విస్‌లోకి వెళ్ళే నాళాలు కాపాడు. మీన్ ప్రెషర్, అదే సగటు బీపీ, 90 దగ్గర నిలబెట్టు, హిమోగ్లోబిన్ పడనివ్వకు. డ్రెయిన్ వేస్తే గంటకి 10, 15 ఎంఎల్ దాటి లాగనివ్వకు, తలలో బ్లీడ్ అవుతుంది. గంటగంటకీ వేళ్ళు కదిలించమని అడగాలి, రాత్రయినా సరే నిద్ర లేపి అడగాలి, పాపం పడుకున్నాడులే అని వదిలే సిస్టర్ ఉంటే నువ్వే పక్కన కూర్చో. కోప్పడుతున్నా అనుకోకు, ఆ రైతు భార్య మొహం నాకింకా గుర్తే.

గ్రాఫ్ట్ పెట్టిన నెలకి ఒక సీటీ, ఆ తర్వాత ఏటా, బతికున్నంతకాలం. గ్రాఫ్ట్ పక్కనుంచి లీకైతే పేషెంటుకి తెలీదు, నీకే తెలియాలి.

మొదటి రెండు మూడు కేసులకి ప్రాక్టర్‌ని, అదే పక్కనుండి చూపించే అనుభవమున్న డాక్టర్‌ని, పిలిపించు, నామోషీ ఏం లేదు. గంటలు గంటలు ఎక్స్‌రే కింద నిలబడతావు, లెడ్ ఆప్రాన్‌తో పాటు కళ్ళకీ మెడకీ కూడా వేసుకో, మధ్యలో ఏదన్నా తాగు తల్లీ. సీటీ నాకు కూడా పంపు. డేట్ ఖాయమయ్యాక చెప్తే ముందురోజే వచ్చేస్తా, థియేటర్‌లోకి రాను, ఆ రాత్రి ఐసీయూలో వేళ్ళు చూసే పని నాకొదిలెయ్యి.

మీ మావయ్య