రంగు ఎక్కడుందో ముందు చెప్పు

చిరంజీవికి ఆశీస్సులు.

సినిమా తొలినాటి రంగుల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. కానీ ‘మొదట్లో అన్నీ నలుపు తెలుపు సినిమాలే, తర్వాత టెక్నికలర్ వచ్చింది’ అంటూ మొదటి వాక్యంలోనే పాతికేళ్ల పైచిలుకు చరిత్రను తుడిచేశావు. మూకీల కాలంలో జనం చూసిన ప్రింట్లలో చాలావాటికి ఏదో ఒక రంగు ఉండేది. వాక్యం మార్చు.

ఏ పద్ధతి గురించి రాసినా ముందు ఒక్క ప్రశ్న వేసుకో. రంగు ఎక్కడుంది? ఫిల్ము మీద పూశారా, బొమ్మను పట్టి ఉంచే జిలటిన్ పొరకి పట్టించారా, ఆ పొరలో నల్లటి వెండి రేణువులతో ఏర్పడిన బొమ్మనే మార్చారా, లేక ఫిల్ములో రంగే లేకుండా ప్రొజెక్టర్ వెలుతురులో కలిపారా? ఇది తేలితే ఎంత పని పట్టింది, ఏది ఎందుకు చెడింది అన్నవి దాని వెంటే వస్తాయి.

చేత్తో రంగులద్దిన సినిమాలను నువ్వు ‘ఎంతో శ్రమతో’ అని ఒక్క మాటలో తేల్చేశావు. లెక్క చెప్పు, శ్రమ అదే కనిపిస్తుంది. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము అంగుళం వెడల్పు, ముప్పావు అంగుళం ఎత్తు. అంటే వెయ్యడుగుల రీలుకి 16,000 బొమ్మలు, అదీ ఒక్క ప్రింటుకే. పారిస్‌లో ఎలిజబెత్ త్యూయియే నడిపిన కార్ఖానాలో రెండు వందల మందికి పైగా ఆడవాళ్లు ఈ పని చేసేవారు. ఒక్కొక్కరిది ఒక్కటే రంగు. ఫ్రెంచి దర్శకుడు మెలియెస్ సినిమాలకు రంగులు అక్కడే పడ్డాయి. కుంచె అంచు ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒక్కచోట ఆగదు కాబట్టి తెర మీద ఆ రంగు కదలాడుతూ ఉంటుంది.

ఫ్రాన్సులోని పాథే సినిమా కంపెనీ దీన్ని స్టెన్సిల్‌కి మార్చింది. రంగుకొక ప్రింటు బలి. రంగు పడాల్సిన మేరను ఫ్రేము ఫ్రేముకీ కోసి తీసేసి, మిగిలిన పట్టీని అసలు ప్రింటు మీద ఫిల్ము అంచు రంధ్రాలకు రంధ్రాలు కలిసేలా పరిచి, రంగులో తడిసిన మఖమల్ పట్టీతో అద్దేవారు. ఎన్నికలప్పుడు గోడల మీద గుర్తులు వేసే అట్ట లాంటిదే ఇదీ. అంచులు గీత గీసినట్టు తేరుతాయి. కోత ఖర్చు ముందే పడిపోతుంది గనుక ప్రింట్లు ఎక్కువ తీసినప్పుడే గిట్టుబాటు. ఈ సంగతి రాయకపోతే పెద్ద కంపెనీయే ఇందులోకి ఎందుకు దిగిందో పాఠకుడికి అర్థం కాదు.

టింటింగ్, టోనింగ్ రెండూ నీ వ్యాసంలో కలిసిపోయాయి. టింటింగ్‌లో ప్రింటును రంగునీళ్లలో ముంచుతారు, జిలటిన్ అంతా రంగెక్కుతుంది. తెల్లగా ఉండాల్సిన చోటు రంగవుతుంది, నలుపు నలుపుగానే ఉంటుంది. టోనింగ్‌లో వెండే రంగు లవణంగా మారుతుంది. ఇక్కడ నీడలకు రంగు, తెలుపు తెలుపే. ఇనుప లవణంతో నీలం, సల్ఫైడుతో గోధుమ రంగు వస్తాయి. పాత ప్రింటు ముక్క చేతికి దొరికితే రంధ్రాల పక్క అంచు చూడు. అక్కడా రంగుంటే టింటింగ్, తేటగా ఉంటే టోనింగ్. రెండూ కలిపి చేసినవీ ఉన్నాయి. రాత్రికి నీలం, మంటలకు ఎరుపు అన్నది రివాజు. ఇంకొకటి: ఒకే రంగు పడాల్సిన సీన్లన్నీ ఒకచోట ప్రింటు చేసి, ముంచి, తర్వాత కథ వరుసలో అతికేవారు. అందుకే ఆ ప్రింట్లలో అన్ని అతుకులు. అలాంటి సినిమాల్లో చాలావాటిని తర్వాతి కాలంలో నలుపు తెలుపు నెగటివుల మీదికి ఎక్కించి భద్రపరిచారు, రంగులు అక్కడే పోయాయి. నీలాంటివాళ్లు ‘అన్నీ నలుపు తెలుపే’ అనుకోవడానికి కారణాల్లో ఇదొకటి.

వ్యాసానికి గుండెకాయ కావాల్సింది కినిమాకలర్. నువ్వు మూడు వాక్యాలిచ్చావు, రెండు పేజీలివ్వు. ఇంగ్లండుకు చెందిన జి.ఎ. స్మిత్ ఈ పద్ధతికి 1906లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, చార్లెస్ అర్బన్ దాన్ని వ్యాపారం చేశాడు, 1909లో లండన్‌లో జనానికి చూపించారు. ఫిల్ము నలుపు తెలుపే. కెమెరాలో తిరిగే చక్రంలో ఎరుపు, ఆకుపచ్చ ఫిల్టర్లు, ఒక ఫ్రేము ఎరుపులోంచి, తర్వాతిది ఆకుపచ్చలోంచి. ప్రొజెక్టర్‌లోనూ అలాంటి చక్రమే. రెండూ కలిసి ఒక రంగు బొమ్మగా కంటికి ఆనాలంటే సెకనుకు సుమారు 32 ఫ్రేములు, అంటే మామూలు వేగానికి రెట్టింపు. వెయ్యడుగుల రీలు ఎనిమిది నిమిషాల పైచిలుకులో అయిపోతుంది. ఫిల్టర్లు వెలుతురు తినేస్తాయి గనుక షూటింగుకి మంచి ఎండ కావాలి.

చెడేది ఎక్కడంటే, ఆ రెండు ఫ్రేములూ ఒకే క్షణంలో తీసినవి కావు. ఆ సందులో గుర్రం కాలు కాస్త ముందుకు జరిగితే తెర మీద దానికి ఒకవైపు ఎర్ర అంచు, ఇంకోవైపు ఆకుపచ్చ అంచు. తెగిన చోట ఒక్క ఫ్రేము తీసి అతికితే అక్కణ్నించి రంగులు తారుమారు, తీస్తే జంటగానే తియ్యాలి. నీలం సరిగా రాదు. ఆ నీలం మీదే కోర్టులో వాదన నడిచింది. 1914లో అప్పీలు కోర్టులో స్మిత్ పేటెంటు నిలవలేదు.

మనకు సంబంధం కూడా ఇక్కడే ఉంది. 1911 డిసెంబరులో ఐదో జార్జి చక్రవర్తి కోసం జరిగిన ఢిల్లీ దర్బారును అర్బన్ మనుషులు కినిమాకలర్‌లోనే తీశారు. 1912 ఫిబ్రవరిలో లండన్ స్కాలా థియేటర్లో మొదలైన ఆ ప్రదర్శన రెండున్నర గంటలు. ఇప్పుడు మిగిలింది కొద్ది భాగమే. ఏనుగులు, బారులు తీరిన సైన్యం, మన శీతాకాలపు ఎండ: ఈ పద్ధతికి ఇంతకన్నా అనువైన సరుకు దొరకదు. అదే ఎందుకు తీశారో ఈ వెలుతురు లెక్కతో కలిపి రాయి.

టెక్నికలర్ దగ్గర తొందరపడకు. 1922 నాటి రెండు రంగుల ప్రింటు అంటే రెండు పల్చటి ఫిల్ములను వీపుకి వీపు అతికించినది. దీపం వేడికి అది గిన్నెలా వంగి ఫోకస్ తప్పేది. మూడు రంగులు 1932లో గానీ రాలేదు. 1963 నాటి లవకుశ ప్రస్తావన ఉంచు, కానీ అందులో రంగులు మూడు పొరలున్న ఒకే నెగటివులోంచి వచ్చాయని వేరుగా చెప్పు.

తిరగరాశాక కినిమాకలర్ భాగం ఒక్కటే ముందు పంపు. మిగతాది తర్వాత చూద్దాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి