టెక్ సందేహాలు: పని లేకున్నా లాప్‌టాప్ ఎందుకు కాలుతోంది?

ఏప్రిల్ వచ్చిందంటే నాకు అందే ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఒకటే: లాప్‌టాప్ కాలిపోతోంది, ఫ్యాన్ గుయ్యిమంటోంది, ఏం చేయాలి? ఈసారి నల్లగొండ, పాలమూరు వైపు నుంచి ఎక్కువగా వచ్చాయి. బాధ ఒకటే అయినా కారణాలు వేరు కాబట్టి నాలుగు ప్రశ్నలు ఎంచుకున్నాను. మూడోది మాత్రం లాప్‌టాప్ ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి.

మిర్యాలగూడలో రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాస్తాను. లాప్‌టాప్ కొని రెండేళ్లయింది. యాసంగి వడ్లు రావడం మొదలైనప్పటి నుంచి అరగంట వాడితే చాలు, ఫ్యాన్ ఒకటే మోత. ఒక్కోసారి దానంతట అదే ఆగిపోతోంది. షాపాయన మదర్‌బోర్డు మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

వద్దు. మూత విప్పి లోపల చూడకుండా మదర్‌బోర్డు మార్చాలని చెప్పేవాళ్లకు డబ్బులివ్వకండి. మీరు కూర్చునే చోటే సగం జవాబు ఉంది. లాప్‌టాప్ ఫ్యాన్ అడుగు నుంచి గాలి లాగి, సన్నటి రాగి లేదా అల్యూమినియం రేకుల మధ్య నుంచి బయటికి నెడుతుంది. ఆ రేకుల మధ్య సందు చాలా ఇరుకు. ఊక దుమ్ము, తవుడు అక్కడ చేరి మెత్తటి బట్ట పరిచినట్టు అడ్డంగా పేరుకుంటాయి. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి మామూలు దుమ్ములా ఊదితే పోదు, అంటుకుపోతుంది. ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి బయటికి పోయే దారి లేదు. వేడి 100 డిగ్రీల దగ్గరికి చేరితే ప్రాసెసర్ ముందు తన వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ తగ్గకపోతే మొత్తం ఆపేస్తుంది. మీకు జరుగుతున్నది చాలావరకు అదే.

అడుగు మూత విప్పి, ఫ్యాన్‌కూ రేకులకూ మధ్య ఉన్న పొరను తీయించండి. బయటి నుంచి బ్లోయర్ కొట్టించడంతో సరిపెట్టుకోకండి, దుమ్ము ఇంకా లోపలికి పోతుంది. మూత విప్పాక గాలి కొట్టేటప్పుడు కూడా ఫ్యాన్ రెక్కలు తిరగకుండా పుల్లతోనో వేలితోనో పట్టుకోవాలి. లేదంటే అది అదుపు లేకుండా తిరిగి బేరింగులు పాడవుతాయి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ పెట్టనివ్వకండి. ఎలాగూ విప్పారు కాబట్టి ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ (వేడిని ప్రాసెసర్ నుంచి లాగి రేకుల వైపు పంపడానికి పూసే ముద్ద) కూడా మార్పించండి, ఎండిపోయి ఉండొచ్చు. ఈ పని మొత్తం మీ కళ్ల ముందే జరగాలి. దుమ్ము తీయడానికి మీ పాస్‌వర్డ్ అవసరం లేదు, అడిగినా చెప్పకండి.

మిల్లు వైపు కిటికీ పక్కన కాకుండా లోపలి గదిలో కూర్చోండి, సీజన్ అయిపోగానే ఏటా ఒకసారి శుభ్రం చేయించండి. మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంట్ ఫ్యాక్టరీల దగ్గర పనిచేసేవాళ్లకూ, పత్తి జిన్నింగ్ మిల్లుల వాళ్లకూ ఇదే మాట.

మహబూబ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉంటాను. మధ్యాహ్నం మంచం మీద పెట్టుకుంటే తొడలు కాలుతున్నాయి. కూలర్ ముందు పెట్టుకోవచ్చా? కూలింగ్ ప్యాడ్ కొంటే లాభముంటుందా?

మంచం మీద నుంచి తీసేయండి. పరుపు అడుగు రంధ్రాలను మూసేస్తుంది, ఏ కూలింగ్ ప్యాడూ దాన్ని సరిచేయలేదు. రోజూ గంటల తరబడి తొడల మీద పెట్టుకుంటే చర్మం మీద వల లాంటి ఎర్రటి మచ్చలు రావచ్చు, అవి ఒక పట్టాన పోవు. బల్ల మీద పెట్టి, వెనక వైపు రెండు పుస్తకాలతో ఎత్తు లేపితే వంద రూపాయల ఖర్చు కూడా ఉండదు. కూలర్ గదిలో ఉంటే మంచిదే కానీ దాని గాలికి ఎదురుగా పెట్టకండి. తడి గాలితో పాటు సన్నటి నీటి తుంపరలు కూడా వస్తాయి. మన దగ్గరి ఉప్పు నీళ్ల తుంపర ఆరితే ఏం మిగులుతుందో కూలర్ గడ్డి మీద చూసే ఉంటారు.

అయితే తప్పంతా మీ మంచానిది కాదు. చాలా లాప్‌టాప్‌ల మాన్యువల్ తీసి చూడండి, 35 డిగ్రీల వరకు ఉండే గదిలోనే వాడాలని చిన్న అక్షరాల్లో ఉంటుంది. మే నెలలో పాలమూరులో, నల్లగొండలో బయట 43, 44 డిగ్రీలుంటే రేకుల కప్పు కింద గది 35 దగ్గర ఆగుతుందా? గది వేడి పది డిగ్రీలు పెరిగితే లోపల చిప్పు వేడి కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది. ఈ దేశంలో అమ్మే వస్తువును ఈ దేశపు ఎండకు తగ్గట్టు చేయాలన్న ఆలోచన ఎవరికీ రావడం లేదు. ఏటా కొత్త మోడల్ వస్తుంది, ఇంకో రెండు మిల్లీమీటర్లు పలచబడుతుంది, దాన్నే గొప్పగా చెప్పుకుంటారు. పలచబడేకొద్దీ ఫ్యాన్ చిన్నదవుతుంది, చిన్న ఫ్యాన్ అదే గాలి కోసం ఎక్కువ వేగంగా తిరగాలి, మోత అక్కడి నుంచే వస్తోంది. గాలి లాగే రంధ్రాలు అడుగున, కింద ఆనే చోటే పెడతారు. ఒళ్లో పెట్టుకునేదని పేరు పెట్టి, ఒళ్లో పెట్టుకుంటే ఊపిరాడని వస్తువు తయారు చేయడం నాకు ఏళ్లుగా మింగుడుపడని విషయం. అప్పు చేసి కొనే విద్యార్థికి ఆ రెండు మిల్లీమీటర్లతో ఏం పని? కాస్త లావుగా, పక్కల నుంచి గాలి తీసుకునేలా, మూత సులువుగా విప్పేలా ఉన్నది దొరికితే అదే కొనండి. ఈలోగా సెట్టింగుల్లో పవర్ మోడ్‌ను బ్యాటరీ ఆదా చేసే వైపు పెట్టుకోండి. చదువుకు, వీడియో పాఠాలకు ఆ వేగం సరిపోతుంది, మోత కూడా తగ్గుతుంది.

దేవరకొండలో చిన్న ఇంటర్నెట్ సెంటర్ నడుపుతున్నాను. ఏ పనీ చేయకుండా పక్కన పెట్టినా లాప్‌టాప్ వేడెక్కి ఫ్యాన్ అరుస్తోంది. క్లీనింగ్ చేయించాను, పేస్ట్ మార్పించాను, లాభం లేదు. విచిత్రం ఏమిటంటే, ఎందుకో చూద్దామని టాస్క్ మేనేజర్ (ఏ ప్రోగ్రామ్ ఎంత పని చేస్తోందో చూపించేది) తెరిస్తే నిమిషంలో ఫ్యాన్ సల్లబడుతుంది. మూసేస్తే మళ్లీ మొదలు.

మీ చివరి రెండు వాక్యాలు చదివి నాకు నిజంగా టెన్షన్ వచ్చింది. కొత్త అప్‌డేట్ వచ్చాక ఒకటి రెండు రోజులు ఫ్యాన్ ఎక్కువ తిరగడం మామూలే, విండోస్ లోపలి ఫైళ్ల జాబితాను మళ్లీ తయారు చేసుకుంటుంది. కానీ టాస్క్ మేనేజర్‌ను చూసి ఆగిపోయే పని మంచి పని కాదు. ఎవరైనా చూస్తున్నారా అని కనిపెట్టి, చూస్తే దాక్కునేలా రాసిన ప్రోగ్రామ్ మీ లాప్‌టాప్‌లో ఉందని నా బలమైన అనుమానం. ఇలాంటివి చాలావరకు క్రిప్టో నాణేలు తవ్వే దొంగ ప్రోగ్రామ్‌లు, అంటే మీ ప్రాసెసర్‌తో రాత్రింబవళ్లు లెక్కలు చేయించి, దానికి ప్రతిఫలంగా వచ్చే డిజిటల్ డబ్బును వేరేవాడికి పంపేవి. మొనెరో అనే నాణెం 2019 చివర్లో తన లెక్కల పద్ధతిని మామూలు ప్రాసెసర్లకు అనువుగా మార్చుకుంది. అందుకే దొంగకు ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటరే కానక్కర్లేదు, మీ పాత లాప్‌టాప్ చాలు. కరెంటు బిల్లు మీది, అరిగిపోయే ఫ్యాన్ మీది, నాణెం వాడిది. 2017లో కాయిన్‌హైవ్ అనేది వెబ్‌సైట్ల ద్వారా ఇదే పని చేసేది, 2019లో మూతపడింది. అప్పట్లో ఆ ట్యాబ్ మూస్తే పీడ పోయేది. ఇప్పటివి లోపల కాపురం పెడుతున్నాయి.

ఎలా వచ్చిందో మీరు రాయలేదు కాబట్టి నేనే అడుగుతున్నాను. మీ విండోస్, ఆఫీస్, ఫొటోలు సరిచేసే సాఫ్ట్‌వేర్, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కడివి? పెన్‌డ్రైవ్‌లో ఎవరో కాపీ చేసి ఇచ్చారా? యాక్టివేట్ చేసే ముందు యాంటీవైరస్ ఆపేయమని చెప్పారా? ఆ ఒక్క మాట దగ్గరే ఆగాల్సింది. తలుపు గడియ తీసి పెట్టమని అడిగేవాడు ఎందుకు అడుగుతున్నాడో ఆలోచించాలి. తెలుగు టైపింగ్‌కు అసలు క్రాక్ (డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ తాళం తీసే దొంగ ఫైలు) అవసరమే లేదు, విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉచితంగా ఉంది.

నా భయం కరెంటు బిల్లు గురించి కాదు. నాణేలు తవ్వే ప్రోగ్రామ్‌ను పెట్టగలిగినవాడు ఇంకేదైనా పెట్టగలడు. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, లాగిన్ అయి ఉన్నామని గుర్తుపెట్టుకునే కుకీలు ఎత్తుకుపోయే రకాలు ఇవే క్రాక్ ఫైళ్లతో వస్తాయి. కుకీ దొరికితే చాలా ఖాతాల్లోకి పాస్‌వర్డ్, ఓటీపీ రెండూ లేకుండానే వెళ్లొచ్చు. ఇప్పుడు మీ డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ఎంతమంది ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు, పట్టాదారు పాస్‌పుస్తకాలు ఉన్నాయో లెక్కపెట్టండి. పింఛను దరఖాస్తుకు తండా నుంచి వచ్చిన ముసలమ్మ మిమ్మల్ని నమ్మి ఆ కాగితాలు చేతికిచ్చింది. ఆమెకు క్రాక్ అంటే ఏమిటో తెలియదు. రేపు ఆమె పేరు మీద ఎవరో సిమ్ తీసుకున్నా, అప్పు తీసుకున్నా అది మీ దగ్గరి నుంచి పోయిందని ఆమెకు ఎప్పటికీ తెలియదు. అందుకే ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను.

ఈ రోజే ఇంటర్నెట్ తీసేయండి. శుభ్రంగా ఉన్న మరో ఫోన్ నుంచి మీ ఈమెయిల్, బ్యాంకు, సర్వీసు పోర్టళ్ల పాస్‌వర్డులు మార్చి, అన్ని పరికరాల నుంచి లాగవుట్ అయ్యే ఆప్షన్ నొక్కండి. మామూలుగా అయితే యాంటీవైరస్‌తో ఆఫ్‌లైన్ స్కాన్ చేసి చూడమనేవాణ్ని. పదిమంది కాగితాలు ఉండే మెషీన్‌కు అది చాలదు. అవసరమైన ఫొటోలు, ఫైళ్లు మాత్రం బయటికి తీసి, ప్రోగ్రామ్ ఫైళ్లు ఒక్కటి కూడా తీసుకోకుండా, డిస్క్ మొత్తం తుడిచి అసలు విండోస్‌ను కొత్తగా ఎక్కించండి. ఆ ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ వేరే కంప్యూటర్‌లో, కంపెనీ సైట్ నుంచే తయారు కావాలి. విండోస్ 10 అయితే దానికి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అక్కడే ఉండిపోకండి. ఖాతాలో డబ్బు పోయినట్టు కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఇకముందు కస్టమర్ పని అయిపోగానే వాళ్ల ఫైళ్లు రీసైకిల్ బిన్ నుంచి కూడా తీసేయండి, బ్రౌజర్‌లో పాస్‌వర్డులు దాచకండి.

ఇంకొకటి. వేడి తగ్గిస్తామని, కంప్యూటర్ క్లీన్ చేస్తామని వచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కించకండి. స్క్రీన్ మీద హెచ్చరిక వేసి ఫలానా నంబరుకు కాల్ చేయమంటే ఆ విండో మూసేయండి. సాఫ్ట్‌వేర్ దుమ్ము తీయలేదు.

వారానికి రెండుసార్లు నల్లగొండ నుంచి హైదరాబాద్‌కు బస్సులో వెళ్తాను. మూత మూసి బ్యాగులో పెడితే ఎల్బీనగర్‌లో దిగేసరికి ఇస్త్రీపెట్టెలా ఉంటోంది, చార్జింగ్ సగం అయిపోతోంది. ఈ మధ్య టచ్‌ప్యాడ్ కూడా సరిగ్గా క్లిక్ కావడం లేదు.

మూత మూస్తే లాప్‌టాప్ నిద్రపోతుందన్నది పాత కాలం మాట. కొత్తవి చాలావరకు ఫోన్ లాగా సగం మెలకువతో ఉంటాయి, మెయిల్స్, అప్‌డేట్లు వెతుక్కుంటాయి. బ్యాగులో గాలి ఆడదు కాబట్టి ఆ వేడి అక్కడే ఉండిపోతుంది. కొన్నవాళ్లను ఒక్క మాట అడగకుండా ఇలా మార్చడం నాకు నచ్చలేదు. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి, మూత మూస్తే ఏం చేయాలి అన్న చోట హైబర్నేట్ (తెరిచిన పనిని డిస్క్‌లో దాచి పూర్తిగా ఆగిపోవడం) పెట్టుకోండి.

టచ్‌ప్యాడ్ సంగతి అంతకంటే ముఖ్యం. చాలా మోడళ్లలో దాని కిందే బ్యాటరీ ఉంటుంది. వేడికి బ్యాటరీ ఉబ్బి పైకి నెడితే క్లిక్ పడదు. లాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి పక్క నుంచి చూడండి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత సందు విడినా చార్జింగ్ పెట్టడం ఆపేయండి, గట్టిగా నొక్కి సరిచేయాలని చూడకండి. స్విచాఫ్ చేసి నల్లగొండలోనే సర్వీసు సెంటర్‌కు చూపించండి. బ్యాటరీ మార్చేదాకా దాన్ని బస్సు ఎక్కించకండి.