ట్రైకోడెర్మా వేసినా బత్తాయికి వేరుకుళ్లు ఆగడం లేదా?

ట్రైకోడెర్మా పొడి చల్లినా బత్తాయి చెట్లకు వేరుకుళ్లు తగ్గలేదని ఓ రైతు అడిగారు. పొడిని నేరుగా ఎండిన పాదుల్లో చల్లానన్నారు, తేడా అక్కడే వచ్చింది. ట్రైకోడెర్మా అంటే కుళ్లు తెచ్చే శిలీంద్రాలను అణిచే, బతికున్న మేలు శిలీంద్రం. తేమ, తిండి లేకపోతే మన నల్లగొండ ఎండకు చచ్చిపోతుంది.

1. బాగా మాగిన పశువుల ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా విరిడి 2 కిలోలు నీడలో కలపండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: నీళ్లు చిలకరించి, తడి గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచాలి. పిడికిట్లో పిసికితే ముద్ద కావాలి, నీళ్లు కారకూడదు. మధ్యలో ఒకసారి తిరగేయండి. తెల్లబూజు వచ్చి ఆకుపచ్చగా మారితే తయారైనట్టే. (మొదటిసారి నేను పాడైందనుకొని పారబోశా!)

3. పాదుల్లో వేసి, మట్టి కప్పి తడి పెట్టండి.

కార్బెండజిమ్ లాంటి శిలీంద్రాలను చంపే మందు పోసి ఉంటే 15 రోజులు ఆగి, ఆ తర్వాతే దీన్ని వేయండి. పూర్తిగా ఎండిన చెట్టు మాత్రం తేరుకోదు, తీసేయండి.