అత్యవసర నిధితో కోళ్ల షెడ్డు వేయవచ్చా?

ప్రశ్న: నేను ఉద్యోగిని. ఇంట్లో నలుగురం ఉన్నాము. వారానికి రెండు డజన్ల గుడ్లు వాడుతాము. పెరట్లో రేకుల షెడ్డు వేసి, పాతిక పెట్టలను పెంచి, మిగిలిన గుడ్లను అమ్మితే జీతానికి వేడినీళ్లకు చన్నీళ్లలా తోడవుతుందని అనుకుంటున్నాను. మా దగ్గర ఏటా మూడు నెలలపాటు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆరు నెలల ఇంటి ఖర్చులకు దాచుకున్న అత్యవసర నిధిలో సగం ఇందుకు వాడవచ్చా?

జవాబు: వాడకండి. కోళ్ల పెంపకం వద్దని చెప్పడం లేదు. ఆ డబ్బు మాత్రం ఇందుకు పనికిరాదు. అత్యవసర నిధి అంటే అడిగిన రోజున చేతికి రావలసిన సొమ్ము. షెడ్డులో పెట్టిన డబ్బు తిరిగి రాదు, పెట్టల్లో పెట్టిన డబ్బు ఒక్క మధ్యాహ్నంలో పోవచ్చు. కోడి శరీర ఉష్ణోగ్రత మామూలుగానే 41 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది, దానికి చెమట గ్రంథులు లేవు. అందువల్ల గాలి వేడి 30 డిగ్రీలు దాటినప్పటి నుంచి అది నోరు తెరిచి రొప్పుతూ ఒంట్లోని వేడిని బయటికి పంపుకోవలసి వస్తుంది. 38 దాటి, గాలిలో తేమ కూడా ఎక్కువగా ఉంటే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

వడదెబ్బకు చనిపోయే కోళ్లు కంటికి కనిపించే నష్టం. మీ లెక్కలోకి రానిది మరొకటి ఉంది. వేడికి పెట్ట మేత తగ్గిస్తుంది, దానితో గుడ్లూ తగ్గుతాయి. అదే పనిగా రొప్పడం వల్ల రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గి, పెంకు తయారీకి కావలసిన కార్బొనేట్ చాలదు. అందుకే ఎండాకాలపు గుడ్లు పలుచని పెంకుతో, చేతిలోనే పగిలేలా వస్తాయి. పెంకుకు సున్నం అందించే గుల్ల పొడి (ఆల్చిప్పల పొడి) విడిగా పెట్టడం మంచిదే గానీ, అసలు కారణం వేడి కనుక దానితోనే సమస్య తీరదు.

ఒక గుడ్డుకు ఎంత దాణా ఖర్చవుతుందో గ్రాముల్లో వేసుకుంటే, ధరలు మారినా ఈ లెక్క చెడదు. గుడ్లు పెట్టే మేలుజాతి పెట్ట రోజుకు దాదాపు 110 గ్రాములు తింటుంది. వంద పెట్టలకు రోజుకు 75 గుడ్లు వస్తాయనుకుంటే గుడ్డుకు 147 గ్రాములు పడుతుంది. ఎండాకాలంలో మేత 90 గ్రాములకు, గుడ్లు 50కి తగ్గాయనుకోండి, అది 180 అవుతుంది. వచ్చిన పదింటిలో ఒకటి పగిలితే 200. దీనికి, పిల్ల దశ నుంచి గుడ్డు పెట్టే ఇరవై వారాల వయసు వరకు ఒక్కో పెట్ట తినే సుమారు 7 కిలోలను కూడా కలపాలి. మొదటి ఏడాది 250 గుడ్లు పెడుతుందనుకుంటే అది గుడ్డుకు మరో 28 గ్రాములు. అంటే మంచి రోజుల్లో 175, ఎండల్లో 228. మీరు కొనబోయే దాణా కిలో ధరను ఈ అంకెలతో హెచ్చించి 1000తో భాగిస్తే గుడ్డుకు అయ్యే దాణా ఖర్చు తెలుస్తుంది. కోళ్ల పెంపకం ఖర్చులో సాధారణంగా మూడింట రెండు వంతులు దాణాదే కనుక, షెడ్డు తరుగు, టీకాలు, కరెంటు కింద దానికి మరో సగం కలపండి. వచ్చిన మొత్తం మీరు బజారులో గుడ్డుకు పెడుతున్న ధర కన్నా ఎక్కువగా ఉంటే, అమ్మిన ప్రతి గుడ్డు మీకు నష్టమే తెస్తుంది. ఇందులో మీ శ్రమకు నేను విలువ కట్టలేదు. కడితే చాలామంది పెరటి కోళ్ల పద్దు తేలిపోతుంది.

పాతిక పెట్టలు ఏడాదికి టన్ను దాణా తింటాయి. ఆరు పెట్టలకు 240 కిలోలు చాలు. ఆరింటి నుంచి ఎండల్లో వారానికి 21 గుడ్లు, మిగతా నెలల్లో 31 వస్తాయి కనుక మీ ఇంటి అవసరం దాదాపుగా తీరుతుంది. సొంత వాడకానికైతే ప్రతి గుడ్డు మీకు బజారు ధర ఆదా చేస్తుంది. అమ్మకానికి పెట్టగానే అది ఎవరో ఇచ్చే ధరకు దిగుతుంది. అందుకే ఆరుతో మొదలుపెట్టండి. పుంజు అక్కర్లేదు: అది లేకపోయినా పెట్ట గుడ్డు పెడుతుంది, పైగా పుంజు కలవని గుడ్డులో పిండం ఎదగదు కనుక వేడిలో ఎక్కువ రోజులు నిలుస్తుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలన్నదానికి నా జవాబు ఒక్కటే: ముందు నీడ, తరువాత కోడి. ఎండకు కాలిన ఒట్టి రేకు కిందికి వేడిని కుమ్మరిస్తుంది. షెడ్డు పొడుగు తూర్పు పడమరలుగా ఉండాలి, పొడుగు గోడలు వలతో తెరిచి ఉండాలి, చూరు బాగా ముందుకు రావాలి, రేకుకు పైన తెల్ల సున్నం, కింద వేడిని ఆపే పొర ఉండాలి. పదేళ్లపాటు పనిచేసే కప్పు మీద పెట్టిన ఖర్చును పదితో భాగిస్తే చిన్నదిగా కనిపిస్తుంది. చవక కప్పు కింద ఏటా కొత్త పెట్టలు కొనడమే ఖరీదైన పద్ధతి. ఫ్యాను విషయంలో జాగ్రత్త: గాలి కోడి ఒంటి కన్నా వేడిగా ఉన్నప్పుడు ఫ్యాను వడగాలినే తోలుతుంది. పొడి గాలి ఉన్న చోట తడి గోనెలు, తుంపర గొట్టాలు మేలు చేస్తాయి. ఉక్కపోత ప్రాంతంలో వాటి మీద పెట్టుబడి దండగ.

డబ్బు ఖర్చు కాని జాగ్రత్తలూ ఉన్నాయి. తిన్న మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది కనుక తెల్లవారకముందే ఒకసారి, ఎండ తగ్గాక ఒకసారి మేత వేసి, నడి ఎండలో తొట్టి ఖాళీగా ఉంచండి. నీళ్లు మాత్రం నీడలో, చల్లగా, ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. పెట్ట వేసవిలో అర లీటరు వరకు తాగగలదు. టోకున చవకగా వస్తుందని మూడు నెలల దాణా నిల్వ చేయకండి, వేడికి విటమిన్లు నశిస్తాయి, తేమ తగిలితే బూజు విషమవుతుంది. కోళ్లను మూకుమ్మడిగా చంపే వైరస్ జబ్బు కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకాను ఖర్చు తగ్గించే జాబితాలో చేర్చకండి. బరువైన, దట్టమైన ఈకల జాతుల కన్నా తేలికపాటి జాతులు ఎండకు ఆగుతాయి. మెడ మీద ఈకలు లేని జాతి మరీ మేలు.

కోడిపిల్లలను ఎండాకాలం చివర్లో కొనండి. మొదటి వారం వాటికి 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, అది అప్పుడు దాదాపు ఉచితంగా దొరుకుతుంది. గుడ్లు పెట్టే సమయానికి వాతావరణం చల్లబడుతుంది. ఆ ఖర్చు కోసం అత్యవసర నిధిని కదపకుండా, ఇప్పటి నుంచి జీతంలోంచి నెల నెలా వేరే ఖాతాలో వేయండి. దాని నుంచే ముందు షెడ్డు, ఆపై పిల్లలు, ఆ తరువాత ఆరు నెలల దాణా డబ్బు సమకూరాలి. షెడ్డు పూర్తయ్యాక కోళ్లను తేకముందే, మంచి ఎండ రోజున మధ్యాహ్నం రెండు గంటలకు, కోడి కూర్చునే ఎత్తులో ఒక థర్మామీటరు వేలాడదీయండి. అది బయటి నీడ కన్నా ఎక్కువ చూపిస్తే, మిగిలిన డబ్బును ఆ కప్పు మీదే పెట్టండి, పిల్లల కొనుగోలును వాయిదా వేయండి.