ఎన్నికలొచ్చినా మా బిల్లు చచ్చిపోలేదు, రాజ్యసభలో ఉండబట్టి

మీరు రెండు అడిగారు: పార్లమెంటులో బిల్లు చట్టం ఎలా అవుతుంది, మనం నేరుగా ఓటేసి పంపే లోక్‌సభ ఉండగా మళ్లీ రాజ్యసభ దేనికి. రెండోదానికి మా ఇంట్లోనే జవాబు ఉంది. అది చెబుతుంటే మొదటిది కూడా వచ్చేస్తుంది.

మా తమ్ముడికి హిమోఫిలియా, అంటే రక్తం త్వరగా గడ్డకట్టదు. చిన్నప్పుడు మెట్టు తప్పి పడ్డాడంటే తెల్లారేసరికి మోకాలు కొబ్బరిబోండంలా వాచేది. రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ ఇంజెక్షన్ దొరికేదాకా అమ్మ తువ్వాల్లో ఐసు చుట్టి మోకాలికి ఆనించి, రాత్రంతా అలాగే కూర్చునేది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఉన్నవి ఏడు రకాల వైకల్యాలే. వాటిలో ఈ జబ్బు లేదు. పోనీ వంగని మోకాలు చూసైనా సర్టిఫికెట్ ఇవ్వమంటే, దానికి కనీసం నలభై శాతం వైకల్యం ఉండాలి, మీవాడికి అంత రాదు పొమ్మన్నారు.

2014 ఫిబ్రవరి 7న కొత్త వికలాంగుల హక్కుల బిల్లు రాజ్యసభలో పెట్టారు. అందులో హిమోఫిలియా ఉంది, తలసీమియా ఉంది. ఆ నెలంతా మన ఊళ్లలో టీవీలన్నీ రాష్ట్ర విభజన బిల్లు చుట్టూనే తిరిగాయి కాబట్టి ఇది ఎవరి కంటా పడలేదు. మే నెలకల్లా ఎన్నికలు అయిపోయాయి, 15వ లోక్‌సభ రద్దయింది, ప్రభుత్వం మారింది. ఇక మన బిల్లు కూడా పోయినట్టేనని అమ్మ అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

పోలేదు. రాజ్యాంగం 107వ అధికరణ ప్రకారం, లోక్‌సభ రద్దయితే అక్కడ పెండింగులో ఉన్న బిల్లులు, అక్కడ పాసై రాజ్యసభకు వచ్చి ఆగిన బిల్లులు మురిగిపోతాయి. రాజ్యసభలో మొదలై, ఇంకా లోక్‌సభ ఆమోదించని బిల్లు మాత్రం నిలుస్తుంది. ఎందుకంటే రాజ్యసభ ఎప్పుడూ రద్దు కాదు. 245 మందిలో మూడో వంతు రెండేళ్లకోసారి దిగిపోతారు, వాళ్ల చోట కొత్తవాళ్లు వస్తారు, సభ మాత్రం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ నుంచి 11 మంది, తెలంగాణ నుంచి ఏడుగురు అక్కడ ఉన్నారు. వీళ్లను ఎన్నుకునేది మన ఎమ్మెల్యేలు. రాజ్యసభ దేనికని ఎవరైనా అడిగితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ మే నెలే. మనీ బిల్లు, అంటే పన్నులు, ప్రభుత్వ ఖర్చుల బిల్లు విషయంలో రాజ్యసభకు పెద్దగా అధికారం లేదు, పద్నాలుగు రోజుల్లో తిప్పి పంపాల్సిందే. మిగతా బిల్లులకు రెండు సభలూ ఒప్పుకోవాలి. పేచీ వస్తే ఉమ్మడి సమావేశం పెట్టొచ్చు గానీ, ఇప్పటిదాకా అలా తేల్చిన బిల్లులు మూడే. 1961లో వరకట్న నిషేధం వాటిలో మొదటిది.

కొత్త ప్రభుత్వం వచ్చాక బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. నా లెక్కన అసలు పని జరిగేది ఇక్కడే. లోక్‌సభ నుంచి 21 మంది, రాజ్యసభ నుంచి 10 మంది, అన్ని పార్టీలవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కెమెరాలుండవు, ఇలాగే ఓటెయ్యాలనే పార్టీ ఆదేశం (విప్) ఉండదు. అధికారులను పిలిచి ఈ క్లాజు ఎందుకిలా రాశారని అడుగుతారు. బయటివాళ్ల అభిప్రాయాలు కూడా తీసుకుంటారు. పేపర్లో ప్రకటన వేస్తారు, మన అభిప్రాయం రాసిన మెమోరాండం రెండు కాపీలు ఇంగ్లీషులోగానీ హిందీలోగానీ పంపమంటారు. తెలుగులో రాస్తే కుదరకపోవడం నాకు ఇప్పటికీ బాధే. అమ్మ తెలుగులో చెబుతుంటే నేను ఇంగ్లీషులో రాశాను. ఐసు సంగతి కూడా రాయమంది, రాశాను.

సంఘం 2015 మేలో నివేదిక ఇచ్చింది. దాన్ని ప్రభుత్వం పాటించి తీరాలనే నియమం లేదు, కాని ఊరికే పక్కన పెట్టడమూ తేలిక కాదు. చివరికి 2016 డిసెంబరులో బిల్లు సభకు వచ్చింది. పెద్ద నోట్ల రద్దు గొడవతో ఆ సమావేశాలు దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అయినా ఈ ఒక్కదానికి అందరూ కలిశారు. 14న రాజ్యసభ, ఆఖరి రోజైన 16న లోక్‌సభ ఆమోదించాయి. నేను టీవీ ముందు కూర్చుని చూశాను. సభాధ్యక్షుడు క్లాజు నంబర్లు వరసగా చదువుతుంటే ఒప్పుకునే సభ్యులు ‘ఆయ్’ (అవును) అంటారు, అంతే. ఎవరైనా ఓట్లు లెక్కపెట్టమంటే డివిజన్ జరుగుతుంది, లేకపోతే నోటిమాటతోనే అయిపోతుంది. ప్రభుత్వమే వందకు పైగా సవరణలు తెచ్చింది. పాత బిల్లులో 19గా ఉన్న వైకల్యాలు 21 అయ్యాయి, ఉద్యోగాల్లో 5 శాతం అన్న రిజర్వేషన్ 4 శాతానికి తగ్గింది. మొదట ముద్రించిన బిల్లు చదివి ఇదే చట్టమని అనుకోవద్దని నేను చెప్పేది అందుకే.

డిసెంబరు 27న రాష్ట్రపతి సంతకం అయింది. మేం స్వీట్లు పంచుకున్నాం. తొందరపడ్డామని తర్వాత తెలిసింది. చట్టం అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్ 19న. ఆ వేసవిలో తమ్ముణ్ణి వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపుకి తీసుకెళ్లాను. డాక్టరు గారు మంచిగానే మాట్లాడారు. ‘‘చట్టంలో ఉందమ్మా, కాదనను. కానీ హిమోఫిలియాకి శాతం ఎలా వేయాలో మాకింకా గైడ్‌లైన్స్ రాలేదు, ఏ అంకె రాయమంటావ్?’’ అన్నారు. ఫారంలో శాతం దగ్గర గడి ఖాళీగానే ఉంది. ఆ గైడ్‌లైన్స్ నోటిఫై అయింది 2018 జనవరి 4న. పార్లమెంటు పెద్ద గీతలు గీస్తుంది, లోపలి లెక్కలన్నీ నిబంధనలు, నోటిఫికేషన్ల రూపంలో శాఖలు రాస్తాయి. మీరు ఏ చట్టం గురించి చదివినా దాని నిబంధనలు వచ్చాయా లేదా అని కూడా చూడండి.

సర్టిఫికెట్ వచ్చింది. కాని 34వ సెక్షన్ తీసి చదివితే, ఉద్యోగాల్లో ఆ 4 శాతం కోటా ఎవరెవరికో రాసిన జాబితాలో రక్త సంబంధ వ్యాధుల పేరే లేదు. ఉన్నత విద్యలో సీటుకైతే 32వ సెక్షన్ కింద తమ్ముడూ అర్హుడే. ఆ జాబితా మారాలంటే సవరణ బిల్లు రావాలి, మళ్లీ రెండు సభలు, బహుశా మళ్లీ సంఘం. ప్రకటన పడితే పంపడానికి మెమోరాండం ఈసారి ముందే రాసి పెట్టుకున్నాం.