హెచ్‌ఐవీ సోకకుండా ముందే వేసుకునే మాత్ర నిజంగా పనిచేస్తుందా?

పనిచేస్తుంది, రోజూ తప్పకుండా వేసుకుంటే లైంగిక సంబంధాల ద్వారా హెచ్‌ఐవీ సోకే ముప్పును ఈ మాత్ర దాదాపు 99 శాతం తగ్గిస్తుంది. దీన్ని ప్రెప్ అంటారు. ఇందులో సాధారణంగా టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ అనే రెండు మందులు కలిసి ఉంటాయి. వైరస్ మన కణంలోకి చేరాక తన నకళ్లు తయారుచేసుకోవాలి. రక్తంలో, కణాల్లో మందు ముందే తగినంత ఉంటే ఆ పని సాగదు, ఇన్ఫెక్షన్ నాటుకోదు. అందుకే మొదటి మాత్రతోనే రక్షణ రాదు. స్త్రీలకు పూర్తి రక్షణకు సుమారు 21 రోజులు పడుతుంది.

కాజీపేటలో ఒక జంట ఉందనుకుందాం. భర్తకు హెచ్‌ఐవీ ఉందని తేలి, వరంగల్ ఎంజీఎం దవాఖానలో హెచ్‌ఐవీకి చికిత్స ఇచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మందులు ఇప్పుడే మొదలుపెట్టాడు. అతని రక్తంలో వైరస్ పూర్తిగా అదుపులోకి రావడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా భార్య ప్రెప్ వాడొచ్చు. ముందు ఆమెకు హెచ్‌ఐవీ లేదని పరీక్షలో తేలాలి, కిడ్నీల పనితీరు చూడాలి. తర్వాత మూడు నెలలకోసారి పరీక్ష. మెడికల్ షాపులో అడిగి సొంతంగా మొదలుపెట్టే మందు కాదిది.

చాలామంది దీన్ని మర్నాడు వేసుకునే మాత్ర అనుకుంటారు. అది వేరు, దాని పేరు పెప్. హెచ్‌ఐవీ సోకే ముప్పు ఎదురైన 72 గంటల్లోపు, ఎంత త్వరగా అయితే అంత మంచిది, మొదలుపెట్టి 28 రోజులు వాడాలి. ఇక ప్రెప్ సిఫిలిస్, గనేరియా లాంటి సుఖవ్యాధులను ఆపదు, గర్భాన్నీ ఆపదు. కాబట్టి కండోమ్ మానేయొద్దు.